పేరు దాచితే వైఫై భద్రం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంటి వైఫైని పరాయివాళ్లు వాడుకోకుండా తీసుకోవలసిన జాగ్రత్తలంటూ మీ సాంకేతిక పేజీలో ఇచ్చిన సూచనలు చదివాం. పాఠకులకు మేలు చేయాలన్న ఉద్దేశం కనిపిస్తూనే ఉంది. అయితే అందులో ముందు వరసలో పెట్టిన మూడు సూచనలు, అంటే నెట్‌వర్క్ పేరు కనిపించకుండా దాచడం, మ్యాక్ అడ్రస్ ఫిల్టర్ పెట్టడం (పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్యను చూసి, మనం ఎంచుకున్నవాటినే రానివ్వడం), నెలకోసారి పాస్‌వర్డ్ మార్చడం, శ్రమ ఎక్కువ ఫలితం తక్కువ అన్న కోవలోవి. వాటిని పాటించినవాళ్లు ఇక భయం లేదనుకుని, అసలు సరిచేసుకోవలసిన వాటిని వదిలేస్తారన్నదే మా ఆందోళన. అందుకే ఉత్తరం పొడవైనా వివరంగా రాస్తున్నాం.

పేరు దాచడం సంగతి ముందు చూద్దాం. రూటర్ తానున్నానని చెప్పడానికి సెకనుకు సుమారు పదిసార్లు బీకన్ అనే చిన్న సంకేతం పంపుతుంది. పేరు దాచమంటే ఆ బీకన్‌లో పేరు ఉండాల్సిన చోటు ఖాళీ అవుతుంది, అంతే. సంకేతం ఆగదు. ఇంట్లో ఏ ఫోనైనా ఆ నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయ్యే క్షణంలో ఆ పేరు ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చడం) లేకుండానే గాలిలో వెళ్తుంది. వినాలని కూర్చున్నవాడికి ఆ ఒక్క క్షణం చాలు. పైగా, పేరు బీకన్‌లో దొరకదు కాబట్టి, దాన్ని గుర్తుపెట్టుకున్న ఫోన్ ఎక్కడికి వెళ్లినా 'ఫలానా పేరున్న రూటర్ ఇక్కడుందా' అని పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతుంది. అంటే ఇంట్లో దాచిన పేరును ఫోనే బయట చెప్పుకుంటూ పోతుంది.

మ్యాక్ ఫిల్టర్‌దీ ఇదే పరిస్థితి. వైఫైలో సమాచారం ఎన్‌క్రిప్ట్ అయినా, అది ఎవరి నుంచి ఎవరికి వెళ్తోందో చెప్పే మ్యాక్ అడ్రస్‌లు మాత్రం బయటికే కనిపిస్తాయి. కనెక్ట్ అయి ఉన్న ఒక ఫోన్ అడ్రస్ చూసి, తన ల్యాప్‌టాప్‌కి అదే అడ్రస్ పెట్టుకోవడం నిమిషం పని. దానికితోడు ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగానే ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో ర్యాండమ్ అడ్రస్, అంటే యాదృచ్ఛికంగా తయారైన అడ్రస్, చూపిస్తున్నాయి. కాబట్టి ఈ ఫిల్టర్ వల్ల ఇబ్బంది పడేది ఇంటివాళ్లే. ఇక నెలనెలా పాస్‌వర్డ్ మార్చమంటే ఎవరైనా చేసేది ఒక్కటే: పాతదాని చివర అంకె పెంచుతారు. బలమైన పాస్‌వర్డ్‌ని ఊరికే మార్చనక్కర్లేదు. అది తెలిసిన మనిషి ఇల్లు వదిలి వెళ్లినప్పుడు, ఫోన్ పోయినప్పుడు, ఎవరెవరికి చెప్పామో లెక్క తప్పినప్పుడు మార్చాలి.

అసలు పాస్‌వర్డ్ ఎలా పోతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి. చాలామంది ఊహించుకునేదేమిటంటే, ఎవరో గోడ పక్కన కూర్చుని ఒక్కో పాస్‌వర్డే టైప్ చేసి చూస్తుంటారని, పది తప్పులయ్యాక రూటర్ అడ్డుకుంటుందని. అలా జరగదు. డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో ఫోను, రూటరు కలుసుకునేటప్పుడు నాలుగు సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. దీన్ని ఫోర్ వే హ్యాండ్‌షేక్ అంటారు. పాస్‌వర్డ్ వాటిలో నేరుగా ఉండదు, కానీ ఒక ఊహ సరైనదో కాదో తేల్చుకోవడానికి సరిపడా సమాచారం ఉంటుంది. ఆ సందేశాలను పట్టుకున్నవాడు ఇంటికి వెళ్లిపోయి, తీరిగ్గా, తన కంప్యూటర్లో ఎన్ని కోట్ల ఊహలైనా వేసి చూసుకోవచ్చు. రూటర్‌కి ఆ సంగతి తెలియనే తెలియదు. హ్యాండ్‌షేక్ కోసం కాచుకుని కూర్చునే అవసరం కూడా లేదు. పాత రూటర్లలో 'డిస్‌కనెక్ట్ అవ్వు' అనే ఆదేశానికి ఏ రక్షణా లేదు కాబట్టి, రూటర్ పంపినట్టుగా దొంగ ఆదేశం పంపితే ఫోన్ తెగిపోయి, వెంటనే మళ్లీ కలుస్తుంది. ఆ కలవడమే వాడికి కావలసింది. 2018లో బయటపడిన ఇంకో పద్ధతిలోనైతే ఫోన్ కూడా అక్కర్లేదు. పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టే పీఎంకే ఐడీ అనే విలువను కొన్ని రూటర్లు అడిగినవాడికల్లా ఇచ్చేస్తాయి, దాని మీద కూడా అదే లెక్క వేయవచ్చు.

కాబట్టి మిగిలే రక్షణ ఒక్కటే: ఆ ఊహల లెక్క ఎప్పటికీ పూర్తికానంత పెద్దదిగా ఉండటం. డబ్ల్యూపీఏ2 తయారుచేసినవాళ్లు ప్రతి ఊహకూ పని పెంచడానికి పాస్‌వర్డ్‌ని, నెట్‌వర్క్ పేరును కలిపి 4,096 సార్లు గణించి ఎన్‌క్రిప్షన్ తాళం తయారయ్యేలా పెట్టారు. 2004 నాటికి అది మంచి అడ్డుకట్టే. కానీ ఈరోజు గేముల కోసం అమ్ముతున్న ఒక్క ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు సెకనుకు పది లక్షలకు పైగా ఊహలు వేయగలదు. పది లక్షలనే పట్టుకుని లెక్క వేద్దాం. ఎనిమిది అంకెల పాస్‌వర్డ్‌కి, అంటే పుట్టిన తేదీ లాంటి వాటికి, పది కోట్ల అవకాశాలు. వంద సెకన్లలో అయిపోతాయి. పది అంకెల ఫోన్ నంబరైతే మూడు గంటలు కూడా పట్టదు. ఎనిమిది చిన్న ఇంగ్లిష్ అక్షరాలు పూర్తిగా ర్యాండమ్‌గా ఉన్నా రెండున్నర రోజులు. అదే పన్నెండు ర్యాండమ్ అక్షరాలైతే సుమారు మూడు వేల సంవత్సరాలు. నాలుగు అక్షరాలు పెరిగితే రోజులు వేల ఏళ్లయ్యాయి. పెద్ద అక్షరం ఒకటి, అంకె ఒకటి, ప్రత్యేక గుర్తు ఒకటి ఉండాలన్న షరతు కంటే పొడవు ఎంత ఎక్కువ పనిచేస్తుందో ఈ లెక్కే చెబుతుంది.

ఇక్కడ ర్యాండమ్ అన్న మాట చాలా ముఖ్యం. ఇంటిపేరు, పిల్లల పేరు, దేవుడి పేరు, అభిమాన నటుడి పేరు. వాటి వెనక ఎట్ గుర్తు, ఆపైన 123 లేదా పుట్టిన సంవత్సరం. ఈ నమూనా పద్నాలుగు అక్షరాలున్నా పనికిరాదు. పాస్‌వర్డ్‌లు ఛేదించే సాఫ్ట్‌వేర్ ఒక్కో అక్షరాన్నీ వరసగా మార్చుకుంటూ పోదు. లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాలు, పేర్ల జాబితాలు తీసుకుని వాటికి ఇలాంటి తోకలే ముందు తగిలించి చూస్తుంది. ఇంగ్లిష్ ఓ (O) అక్షరానికి బదులు సున్నా, ఎస్ (S) బదులు డాలర్ గుర్తు పెట్టడం లాంటి మార్పులూ దానికి తెలుసు. పాటల పల్లవులు, సామెతలు, సినిమా డైలాగులు కూడా నలుగురికీ తెలిసినవే కాబట్టి అవీ వద్దు.

మేము సిఫారసు చేసేది పదాల పాస్‌వర్డ్. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ 2016లో 7,776 ఇంగ్లిష్ పదాల జాబితా ఒకటి ఇచ్చింది. మామూలు పాచిక ఐదుసార్లు వేస్తే వచ్చే అంకెలు ఒక పదాన్ని చూపిస్తాయి. అలా ఐదు పదాలు తీయండి. నాలుగు పదాలను ఒక్క గ్రాఫిక్స్ కార్డు పూర్తిగా వెతకడానికి నూటపదహారేళ్లు పడుతుంది; వినడానికి చాలనిపిస్తుంది కానీ వంద కార్డులు అద్దెకు తీసుకున్నవాడికి అది ఏడాది చిల్లర. ఐదో పదం చేర్చితే ఆ వంద కార్డులకూ తొమ్మిది వేల ఏళ్లు. తెలుగు పదాలే కావాలంటే మంచి లావుపాటి నిఘంటువు తీసుకుని, పేజీ నంబర్‌ను పాచికతోనో ర్యాండమ్ నంబర్ చెప్పే యాప్‌తోనో ఎంచుకుని, ఆ పేజీలో పదాన్నీ అలాగే ఎంచుకోవచ్చు. మనసుకు నచ్చిన పదం ఏరుకుంటే మాత్రం లెక్క చెడిపోతుంది. ఇంకో చిక్కు: వైఫై పాస్‌వర్డ్‌లో 8 నుంచి 63 దాకా ఇంగ్లిష్ కీబోర్డు అక్షరాలే చెల్లుతాయి, తెలుగు లిపి చెల్లదు. తెలుగు పదాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు దీర్ఘానికి ఒక ఏ పెట్టాలా రెండు పెట్టాలా, ఒత్తుకు హెచ్ పెట్టాలా వద్దా అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. కాబట్టి ఎలా రాశారో కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. దూరం నుంచి సిగ్నల్ పట్టుకునేవాడికి ఆ కాగితం అందదు. అన్నీ చిన్న అక్షరాలే ఉంచి, పదాల మధ్య ఖాళీ బదులు హైఫన్ పెడితే టీవీ రిమోట్‌తో టైప్ చేయడం కూడా సులువు. ఖాళీని ఒప్పుకోని పరికరాలు కొన్ని ఉన్నాయి. ఇక్కడ ఉదాహరణ ఇవ్వకపోవడం కావాలనే. అచ్చులో వచ్చిన ఏ పాస్‌వర్డూ ఆ తర్వాత పనికిరాదు.

నెట్‌వర్క్ పేరు కూడా తాళం లెక్కలో కలుస్తుందని చెప్పాం కదా, అందుకే కంపెనీ పెట్టిన పేరును అలాగే ఉంచొద్దు. ఎక్కువమంది వాడే పేర్లకు ముందే లెక్కలు వేసి పెట్టిన పట్టికలు ఉన్నాయి. పైగా ఆ పేరు రూటర్ మోడల్‌ని పట్టిస్తుంది. కొన్ని పాత మోడళ్లలో అడుగున స్టిక్కర్ మీదుండే పాస్‌వర్డ్‌ని సీరియల్ నంబర్ నుంచో మ్యాక్ అడ్రస్ నుంచో తయారుచేశారు, ఆ సూత్రం ఎప్పుడో బయటపడింది. కొత్త పేరులో మీ పేరు, ఫ్లాట్ నంబర్ లాంటివి లేకుండా చూసుకోండి.

ఇంత కష్టపడి పెట్టిన పాస్‌వర్డ్‌ని ఒక్క బటన్ వమ్ము చేస్తుంది. అది డబ్ల్యూపీఎస్. పాస్‌వర్డ్ టైప్ చేయకుండా ప్రింటర్లు, టీవీలు కలుపుకోవడానికి తెచ్చిన సౌకర్యం ఇది. దీనిలో ఎనిమిది అంకెల పిన్ ఒకటుంటుంది. చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కగట్టేది కాబట్టి నిజానికి ఏడే. అంటే కోటి అవకాశాలు ఉండాలి. కానీ రూటర్ ఆ పిన్‌ని రెండు ముక్కలుగా చూస్తుంది, మొదటి నాలుగంకెలు తప్పయితే అక్కడే తప్పని చెప్పేస్తుంది. అందుకని మొదటి సగానికి పది వేలు, రెండో సగానికి వెయ్యి, మొత్తం పదకొండు వేల ప్రయత్నాలు చాలు. 2011 డిసెంబరులో స్టెఫాన్ వీబ్యోక్ అనే పరిశోధకుడు దీన్ని బయటపెట్టాడు. గంటల్లో పిన్ దొరుకుతుంది, పిన్ దొరికితే పాస్‌వర్డ్ ఎంత పొడవున్నా రూటరే దాన్ని అప్పగిస్తుంది. 2014లో తేలినదాని ప్రకారం, ర్యాండమ్ సంఖ్యలు సరిగా తయారుచేయని కొన్ని చిప్‌లలో అయితే గంటలు కూడా అక్కర్లేదు, సెకన్లే. వీధి తలుపుకు పెద్ద తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తీసిపెట్టడమంటే ఇదే. సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఎస్‌ని పూర్తిగా ఆఫ్ చేయండి. పిన్ పద్ధతిని విడిగా ఆపే వీలుంటే కనీసం అదైనా ఆపండి. కొన్ని పాత మోడళ్లలో ఆఫ్ చేసినా పిన్ పనిచేస్తూనే ఉంటుంది. అలాంటి రూటర్‌ని మార్చడం తప్ప మార్గం లేదు.

సెక్యూరిటీ మోడ్ విషయంలో చెప్పవలసింది తక్కువే. డబ్ల్యూఈపీ అనే పాత భద్రతా పద్ధతి 1997 నాటిది, 2001లోనే దాని బలహీనత రుజువైంది, 2007 నాటికి నిమిషంలోపు ఛేదించే పద్ధతి వచ్చింది. అది కనిపిస్తే రూటర్ పక్కన పెట్టేయండి. డబ్ల్యూపీఏ2 ఎంచుకుంటే ఎన్‌క్రిప్షన్ రకాల్లో ఏఈఎస్ ఉన్నదే ఎంచుకోండి, పాతదైన టీకేఐపీ వద్దు. టీకేఐపీ ఎంచుకుంటే రక్షణతోపాటు వేగమూ పోతుంది, 54 ఎంబీపీఎస్ దాటదు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 నిజంగా మెరుగైనది. దానిలో ప్రతి ఊహకూ రూటర్‌తోనే మాట్లాడి తీరాలి, ఇంటికి పట్టుకెళ్లి లెక్క వేసుకునే వీలు లేదు. డిస్‌కనెక్ట్ చేసే దొంగ ఆదేశాలను అడ్డుకునే రక్షణ కూడా అందులో తప్పనిసరి. కానీ ఎక్కువ రూటర్లలో ఉండేది డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపిన మోడ్. పాత పరికరాల కోసం అది తప్పకపోవచ్చు. అయితే రెండిటికీ ఒకటే పాస్‌వర్డ్ కాబట్టి, బలహీనమైన పాస్‌వర్డ్‌ని డబ్ల్యూపీఏ2 వైపు నుంచి అదే పాత పద్ధతిలో పట్టుకోవచ్చు. డబ్ల్యూపీఏ3 అని రాసి ఉంది కదా అని చిన్న పాస్‌వర్డ్ పెట్టకండి.

పాస్‌వర్డ్ దొరికితే ఏమవుతుందన్న దగ్గర మీ వ్యాసం డేటా అయిపోతుంది, వేగం తగ్గుతుంది అని ఆపేసింది. అది అన్నిటికంటే చిన్న నష్టం. మరోవైపు, బ్యాంకు ఖాతా వెంటనే ఖాళీ అవుతుందని భయపెట్టడమూ సరికాదు. బ్యాంకు యాప్‌లు, చాలా వెబ్‌సైట్లు తమ సొంత ఎన్‌క్రిప్షన్‌తో నడుస్తాయి. వైఫైలోకి చొరబడినంత మాత్రాన వాటి లోపలి సంగతులు చదవలేరు. ఏ సైట్లకు వెళ్తున్నారు, ఏ పరికరాలున్నాయి, ఇంట్లో ఎవరు ఎప్పుడుంటున్నారు అన్నది మాత్రం తెలిసిపోతుంది. ఇంకో విషయం గమనించాలి. డబ్ల్యూపీఏ2లో ఇంట్లో అందరిదీ ఒకటే పాస్‌వర్డ్. అది తెలిసినవాడు, ఇంకో ఫోన్ కలిసేటప్పటి హ్యాండ్‌షేక్‌ని కూడా పట్టుకుంటే, ఆ ఫోన్ వైఫై ఎన్‌క్రిప్షన్‌ని విప్పేయగలడు. ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకున్నదాన్ని కూడా, పాస్‌వర్డ్ తర్వాత దొరికితే, అప్పుడు విప్పగలడు. డబ్ల్యూపీఏ3లో ఈ వీలు లేదు.

అసలు పెద్ద ముప్పు రూటర్ అడ్మిన్ పేజీ. వైఫై పాస్‌వర్డ్ వేరు, రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లే పాస్‌వర్డ్ వేరు అన్నది చాలామందికి తెలియదు. రెండోది కంపెనీ పెట్టిన అడ్మిన్, అడ్మిన్ దగ్గరే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. లోపలికి వచ్చినవాడు అక్కడికి చేరితే మొదట మార్చేది డీఎన్‌ఎస్. మీరు టైప్ చేసిన వెబ్‌సైట్ పేరుకు అడ్రస్ చెప్పే సర్వర్ అది. దాన్ని తనది చేసుకుంటే, మీరు సరైన పేరే టైప్ చేసినా వాడు పంపాలనుకున్న చోటికి వెళ్తారు. ఇది ఊహాగానం కాదు. డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే మాల్వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) నలభై లక్షలకు పైగా కంప్యూటర్లకు సోకి ఇదే పని చేసింది. డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లతో రూటర్ల డీఎన్‌ఎస్‌ని మార్చడానికి కూడా ప్రయత్నించింది. 2011లో దాని వెనకున్నవాళ్లను పట్టుకున్నాక, ఆ దొంగ సర్వర్ల స్థానంలో పెట్టిన తాత్కాలిక సర్వర్లను 2012 జూలై 9 దాకా నడపవలసి వచ్చింది. డీఎన్‌ఎస్ మార్చి దొంగ సైట్‌కి పంపితే చాలాసార్లు బ్రౌజర్ 'ఈ సైట్ సర్టిఫికెట్ సరిగా లేదు' అని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను దాటుకుని ముందుకు వెళ్లే అలవాటే నష్టం చేసేది. అడ్మిన్ పాస్‌వర్డ్ డీఫాల్ట్‌గా ఉంటే వైఫైలోకి ఎవరూ రాకున్నా ముప్పే. మీరు తెరిచిన ఒక చెడ్డ వెబ్‌పేజీ, మీ బ్రౌజర్ ద్వారానే రూటర్‌కి ఆదేశాలు పంపే దాడులు కూడా ఉన్నాయి.

అదే నెట్‌వర్క్‌లో ఉన్న కెమెరాలు, ప్రింటర్లు, పాస్‌వర్డ్ లేకుండా షేర్ చేసిన ఫోల్డర్లు చొరబాటుదారుకు నేరుగా అందుతాయి. డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లతో ఉన్న కెమెరాలు, రికార్డర్లు ఏమవుతాయో 2016లో మిరాయ్ అనే మాల్వేర్ చూపించింది. అరవైకి పైగా డీఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను వరసగా వేసి లక్షల పరికరాలను తన వశం చేసుకుంది. ఇక మీ కనెక్షన్ నుంచి ఎవరేం చేసినా బయటి ప్రపంచానికి కనిపించేది ఒకే ఐపీ అడ్రస్, అంటే మీ కనెక్షన్‌కి ఉండే ఇంటర్నెట్ చిరునామా. ఆ అడ్రస్ కంపెనీ రికార్డుల్లో మీ పేరు మీద ఉంటుంది. విచారణ మొదలయ్యేది ఆ పేరు దగ్గరే. అప్పుడు లోపల ఏ ఫోన్ చేసిందో చూపించడానికి మామూలు ఇంటి రూటర్‌లో లాగ్‌లు (ఎవరేం చేశారో నమోదయ్యే రికార్డులు) ఉండవు, ఉన్నా రీస్టార్ట్ చేస్తే చాలావాటిలో చెరిగిపోతాయి.

పాస్‌వర్డ్‌ని ఛేదించకుండానే బయటికి పోయే దారులు కొన్ని ఉన్నాయి. వైఫై షేర్ చేయడానికి ఫోన్ చూపించే క్యూఆర్ కోడ్‌లో నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి, ఏ ఎన్‌క్రిప్షనూ లేదు. ఏ స్కానర్ యాప్‌తోనైనా చదివేయవచ్చు. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ ముందు నిలబడి తీసుకున్న ఫొటోని ఎక్కడ పెట్టినా, పాస్‌వర్డ్ రాసిపెట్టినట్టే. రూటర్ అడుగున ఉన్న స్టిక్కర్ ఫొటో కూడా అంతే. ఉచిత వైఫై వెతికిపెడతామనే యాప్‌లు కొన్ని, ఫోన్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లను తమ సర్వర్‌కి ఎక్కించి అందరికీ పంచుతాయి. మీ ఇంటికి వచ్చిన ఒక అతిథి ఫోన్‌లో అలాంటి యాప్ ఉంటే చాలు. ఇంకో మోసం, మీ నెట్‌వర్క్ పేరుతోనే పాస్‌వర్డ్ లేని దొంగ నెట్‌వర్క్ పెట్టి, కలిసినవాళ్లకు 'ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం వైఫై పాస్‌వర్డ్ ఇవ్వండి' అనే పేజీ చూపించడం. ఫర్మ్‌వేర్ అంటే రూటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్. ఏ రూటరూ అలా వెబ్‌పేజీలో వైఫై పాస్‌వర్డ్ అడగదు. అలాంటి పేజీ కనిపిస్తే వైఫై ఆఫ్ చేసి, నెట్‌వర్క్‌ల జాబితాలో ఒకే పేరు రెండుసార్లు ఉందా, ఒకదానికి తాళం గుర్తు లేదా అన్నది చూడండి.

అతిథులకు గెస్ట్ నెట్‌వర్క్, అంటే అదే రూటర్‌లో విడిగా పెట్టుకునే రెండో నెట్‌వర్క్, ఇవ్వండి. దాని పాస్‌వర్డ్ వేరుగా ఉండాలి, దాన్ని ఎప్పుడు మార్చినా ఇంటి పరికరాలకు ఇబ్బంది ఉండదు. కెమెరాలు, స్మార్ట్ ప్లగ్‌లు, టీవీ లాంటివాటిని కూడా అందులోనే పెట్టవచ్చు. వాటిలో చాలావి 2.4 గిగాహెర్ట్జ్, డబ్ల్యూపీఏ2 ఉంటేనే పనిచేస్తాయి, కాబట్టి గెస్ట్‌ని డబ్ల్యూపీఏ2లో ఉంచి ప్రధాన నెట్‌వర్క్‌ని డబ్ల్యూపీఏ3కి మార్చుకోవడానికి వీలవుతుంది. గెస్ట్ పేజీలో 'లోకల్ నెట్‌వర్క్‌ని చూడనివ్వు' అనే టిక్ ఉంటే తీసేయాలి. లేకపోతే పేరుకే గెస్ట్. 'క్లయింట్ ఐసొలేషన్' ఆన్ చేస్తే గెస్ట్‌లో ఉన్నవాళ్లు ఒకరినొకరు కూడా చూడలేరు, కానీ టీవీకి ఫోన్ నుంచి వీడియో పంపడం ఆగిపోతుంది. అది చూసి నిర్ణయించుకోండి.

అన్నీ సరిచేసినా ఇంట్లో రెండో వైఫై ఒకటి తెరిచి ఉండటం తరచుగా కనిపించే లోపం, దీన్ని దాదాపు ఎవరూ ప్రస్తావించరు. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే పెట్టెలో సొంత వైఫై ఉంటుంది. మంచి రూటర్ కొని దానికి తగిలిస్తారు, కొత్త రూటర్‌కి అన్ని జాగ్రత్తలూ తీసుకుంటారు, పాత పెట్టె వైఫై మాత్రం స్టిక్కర్ పాస్‌వర్డ్‌తో, డబ్ల్యూపీఎస్‌తో అలాగే మోగుతూ ఉంటుంది. దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లి 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు రేడియోలనూ ఆఫ్ చేయాలి. సిగ్నల్ పెంచే ఎక్స్‌టెండర్ కూడా ఇంతే. దానికి విడిగా అడ్మిన్ పేజీ, విడిగా డబ్ల్యూపీఎస్, విడిగా ఫర్మ్‌వేర్ ఉంటాయి. ప్రధాన రూటర్‌ని బిగించి ఎక్స్‌టెండర్‌ని వదిలేస్తే పనంతా వృథా.

ఇవన్నీ చేసే క్రమం కూడా ముఖ్యమే. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రూటర్‌కి కలిపి మొదలుపెట్టండి. వైఫై మార్చేటప్పుడు మధ్యలో తెగిపోదు, పైగా చాలా రూటర్ల అడ్మిన్ పేజీకి ఎన్‌క్రిప్షన్ లేదు కాబట్టి కొత్త పాస్‌వర్డ్ గాలిలో వెళ్లదు. నెట్‌వర్క్ వివరాల్లో గేట్‌వే అని కనిపించే నంబర్ ఉంటుంది, ఎక్కువగా 192.168.0.1 లేదా 192.168.1.1, దాన్ని బ్రౌజర్‌లో టైప్ చేయండి. ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత ఫర్మ్‌వేర్ అప్‌డేట్. అది నడుస్తుండగా కరెంటు పోతే రూటర్ చెడిపోవచ్చు, చార్జింగ్ ఉన్న యూపీఎస్ ఉంటే మంచిది. అప్‌డేట్ తర్వాత కొన్ని సెట్టింగ్స్ పాత స్థితికి పోతాయి కాబట్టే మిగతావి దాని తర్వాత చేయమంటున్నాం. ఆపైన డబ్ల్యూపీఎస్ ఆఫ్, రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి ఇంటర్నెట్ ద్వారా రూటర్ సెట్టింగ్స్ మార్చే వీలు) ఆఫ్, అవసరం లేకపోతే యూపీఎన్‌పీ (ఇంట్లోని పరికరాలు తమకు కావలసిన దారులను రూటర్‌లో తామే తెరుచుకునే సౌకర్యం) ఆఫ్. డీఎన్‌ఎస్ దగ్గర మీరు పెట్టని నంబర్లు ఉన్నాయేమో చూడండి. చివర సెక్యూరిటీ మోడ్, నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ మార్చి సేవ్ చేయండి. అన్ని పరికరాలూ ఒక్కసారిగా తెగిపోతాయి. మళ్లీ కలుపుతున్నప్పుడు దేన్ని కలుపుతున్నారో రాసుకుంటే అదే మీ పరికరాల జాబితా.

తర్వాత ఎప్పుడైనా అనుమానం వస్తే ఆ జాబితాతో పోల్చుకోవచ్చు. అడ్మిన్ పేజీలో కనెక్టెడ్ డివైసెస్ అనే చోట పేర్లు కనిపిస్తాయి. తెలియని పేరు కనిపించగానే దొంగ అనుకోవద్దు. ర్యాండమ్ అడ్రస్ వల్ల మీ ఫోనే కొత్త పరికరంలా కనిపించవచ్చు. మ్యాక్ అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఏ (A), ఈ (E) లలో ఒకటైతే అది అలాంటి ర్యాండమ్ అడ్రసే. ఇంట్లో ఒక్కో పరికరానికీ వైఫై ఆఫ్ చేస్తూ జాబితాలో ఏది మాయమవుతుందో చూడండి. అన్నీ ఆఫ్ చేశాక కూడా ఒకటి మిగిలితే, అప్పుడు పాస్‌వర్డ్ మార్చండి. ఆ పరికరం ఒక్కదాన్ని బ్లాక్ చేసి వదిలేయొద్దు. అడ్రస్ మార్చుకుని మళ్లీ వస్తుంది.

ఫర్మ్‌వేర్ గురించి ఒక మాట. 2017లో డబ్ల్యూపీఏ2లో క్రాక్ అనే లోపం, 2021లో ఫ్రాగ్ అటాక్స్ అనే లోపాల సమూహం బయటపడ్డాయి. రెండిటికీ మందు అప్‌డేటే, అది రూటర్‌కే కాదు ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు కూడా కావాలి. 2018లో వీపీఎన్ ఫిల్టర్ అనే మాల్వేర్ 54 దేశాల్లో కనీసం ఐదు లక్షల రూటర్లకు, స్టోరేజ్ పరికరాలకు సోకిందని తేలింది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రూటర్ బాగానే పనిచేస్తున్నట్టు కనిపించినా, కొత్తగా బయటపడే లోపాలు అందులో శాశ్వతంగా ఉండిపోతాయి. ఆటోమేటిక్ అప్‌డేట్ ఉన్న రూటర్ కొనడం, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో కొనేముందే అడగడం మేలు.

పాత రూటర్‌ని అమ్మేటప్పుడు, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు, కంపెనీకి తిరిగి ఇచ్చేటప్పుడు అందులో మీ వైఫై పాస్‌వర్డ్, ఇంటర్నెట్ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇంకా ఉంటాయి. కరెంటు ఆన్‌లో ఉండగా రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లకు పైగా నొక్కి పట్టుకోండి. లైట్లన్నీ ఆరి మళ్లీ వెలిగాక, స్టిక్కర్ మీది పాత పేరుతో నెట్‌వర్క్ కనిపిస్తే అంతా చెరిగిపోయినట్టు. కనిపించకపోతే ఇంకాసేపు నొక్కి మళ్లీ చూడండి. కొత్త రూటర్‌కి పాత పేరు, పాత పాస్‌వర్డే పెడితే పరికరాలన్నీ వాటంతటవే కలుస్తాయని టెక్నీషియన్లు చెబుతుంటారు, అది నిజమే. కానీ పాత పాస్‌వర్డ్ తెలిసినవాళ్లందరూ కూడా కలుస్తారు. రూటర్ మార్చిన రోజే పాస్‌వర్డ్ మార్చడానికి అన్నిటికంటే తేలికైన రోజు.

ఇట్లు,
నెట్‌వర్క్ నిర్వహణ పనిలో ఉన్న కొందరు పాఠకులు